బరువా? వెలుగా?

తిరుమలలో మూడు దినములు జరుగు జ్యేష్ఠాభిషేక మహోత్సవమున మొదటినాడు శ్రీ మలయప్పస్వామివారు వజ్రకవచముతో దర్శనమిత్తురు. ఆ తళుకును కన్నులార గ్రోలు భక్తునికి ఒక సందేహము కలుగవచ్చును. గనిలో పుట్టిన రాయి ఎంత కోల్పోయి ఈ వెలుగు పొందినది? కోల్పోవుట నష్టమా, లాభమా?

కృష్ణాతీరమందలి కొల్లూరు గనుల కీర్తి ఒకప్పుడు ఖండాంతరముల ప్రాకినది. కోహినూరు అక్కడ పుట్టినదేయని పలువురి విశ్వాసము. 1851లో లండను మహాప్రదర్శనమున దానిని చూడవచ్చిన జనులు ‘ఇంతేనా!’ యని పెదవి విరిచిరి. నేటి తూకమున అది సుమారు 191 క్యారట్లు. తళుకు మాత్రము స్వల్పము. 1852లో హాలెండు పనివారిచే మరల సానబట్టించగా మిగిలినది 105.6 క్యారట్లు. ఇంచుమించు సగము ధూళియైనది. మన పూర్వులు పరిమాణమును కాపాడుటకే ప్రాధాన్యమిచ్చిరి. అది వేరొక దృష్టియే కాని అజ్ఞానము కాదు.

వజ్రమును అరగదీయునది వజ్రధూళియే. దానిని నూనెతో కలిపి ఇనుపచక్రమునకు పూసి సానబట్టుదురు. ఒకే రాయి ఒక దిక్కున లొంగును, మరొక దిక్కున లొంగదు. కనుక నేర్పరి ముందుగా రాయిని త్రిప్పి త్రిప్పి పరిశీలించును. పిమ్మటనే చక్రమును ముట్టును.

గుండ్రని కోతలో 57 లేక 58 ముఖములుండును. పరీక్షకుడు వాని మెరుగును, పొందికను చూచును. అన్నిటికంటె ముఖ్యముగా, పైనుండి ప్రవేశించిన వెలుగు ఏమగుచున్నదని చూచును. అడుగుభాగము లోతు చాలనిచో వెలుగు క్రిందికి జారిపోవును. లోతు మించినచో ప్రక్కలకు పోవును. అడుగు వాలు సుమారు 41 డిగ్రీలున్నపుడు వెలుగు లోపల రెండు మారులు పరావర్తనమంది తిరిగి పైకే వచ్చును. 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ ఇట్టి కొలతలను గణితముతో నిర్ణయించెను.

ఇక్కడనే పనివానికి ధర్మసంకటము. అడుగును కొంత మందముగా విడిచినచో తూకము మిగులును, వెలుగు పోవును. క్యారట్లు లెక్కించి కొనువాడు దానిని గుర్తింపకపోవచ్చును.

మనమును ఇట్టి బేరమే చేయుచున్నాము. అన్నదానము చేయుదుము, దాత పేరు చదువలేదని అలుగుదుము. ఆకలిగొన్నవాడు తృప్తిపడెను గదా! తక్కువైనదేమి? మన బరువే. జీవుడు జ్ఞానస్వరూపుడు, జడమైన రాయి కాడు. ఉపమానమునకు హద్దు కలదు. అయినను భగవానునికి శేషభూతుడైన జీవునికి, పైనుండి వచ్చిన అనుగ్రహమును ప్రక్కలకు పోనీక ఆయన సేవకే మరలించుట శోభ.

ఒక హెచ్చరిక. బిడ్డను పోగొట్టుకొన్న తల్లితో ‘దేవుడు నిన్ను సానబట్టుచున్నాడమ్మా’ యని పలుకుట భక్తి కాదు, క్రౌర్యము. ఇతరుల గాయమునకు అర్థము చెప్పు అధికారము మనకు లేదు. వారి చెంత కూర్చుండి కన్నీరు తుడుచుటయే మన ధర్మము. సాన మన అహంకారమునకే తగును.

కనుక కోల్పోయినదెల్ల లాభము కాదు, నష్టమును కాదు. విడిచిన పిమ్మట మనలో వెలుగు పెరిగినదా యనునదే పరీక్ష. శ్రీవారి సన్నిధిలో చేతులు జోడించినపుడు బరువును గాక వెలుగునే వేడుకొందుము గాక!