తిరిగొచ్చి చెప్పిన మాట

మా ఇంట్లో ఒక పాత టేప్ రికార్డర్ ఉండేది. దుబాయి నుంచి చిన్నాయన పంపింది. కోరుట్ల చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళెవరైనా సెలవు మీద ఇంటికి వస్తుంటే, వాళ్ళ చేతికి ఒక క్యాసెట్ ఇచ్చి పంపేవాడు. నానమ్మకు చదువు రాదు కాబట్టి ఉత్తరం కంటే అదే నయం. క్యాసెట్ తిరగడం మొదలైన కాసేపటిదాకా ఏమీ వినిపించేది కాదు. తర్వాత పొడవైన ఊపిరి ఒకటి. ఆ తర్వాత మాట: "అవ్వా, నేను మంచిగున్న." నానమ్మ ఆ ఊపిరి దగ్గరికే వెనక్కి తిప్పించి మళ్ళీ మళ్ళీ వినేది. మాట మీదకంటే ఊపిరి మీదే ఆమెకు నమ్మకమేమో! క్యాసెట్ రెండో వైపు మా జవాబు. మేమూ అంతా మంచిగున్నమనే చెప్పేవాళ్ళం, బావి ఎండిన ఏడు కూడా.

పాడ్‌కాస్ట్ అనే మాట 2004లో పుట్టింది. దూరాన ఉన్నవాడి గొంతును మనకు వీలైన వేళ, కావలసినన్ని సార్లు వినడమే దాని సారమైతే, మా వైపు ఇళ్ళలో ఆ పని అంతకు చాలా ముందే జరిగింది. ఇప్పుడు జగిత్యాలలో, సిరిసిల్లలో పిల్లలు ఫోనుకు చిన్న మైకు తగిలించుకుని, మనుషులతో మాట్లాడి పాడ్‌కాస్టులు చేస్తున్నారు. ఎందుకు చేస్తున్నారని అడిగితే తరచుగా రెండు మాటలు వినిపిస్తాయి: దీనివల్ల నేను ఎదిగాను, సమాజానికి తిరిగి ఇస్తున్నాను. రెండూ మంచి మాటలే. కానీ మంచి మాటలను పరీక్షించకుండా ఒప్పుకుంటే వాటిని గౌరవించినట్టు కాదు.

మొదట ఎదుగుదల. మైకు ముందు భయం పోయింది, మాట సాఫీగా వస్తోంది అంటారు. అది నేర్పు, కష్టపడి సంపాదించిందే. కానీ అదే ఎదుగుదల అయితే, లేని ఉద్యోగానికి వీసా అంటగట్టే ఏజెంటు మనందరికంటే ఎదిగినవాడు కావాలి. అతని మాటలో తడబాటు ఉండదు. కాబట్టి మనం వెతుకుతున్నది గొంతులో లేదు.

నాకు అది దొరికింది విన్నప్పుడు. నా పాడ్‌కాస్ట్ కోసం సిరిసిల్లలో ఒక మరమగ్గాల కార్మికుడితో గంటసేపు మాట్లాడి రికార్డు చేశాను. సాంచాల చప్పుడుకు అలవాటుపడిన మనిషి, గట్టిగా మాట్లాడతాడు. ఇంటికొచ్చి విన్నాను. ఒకచోట ఆయన గొంతు ఉన్నట్టుండి తగ్గింది. "మా నాయన ఉన్నప్పుడైతే..." అన్నాడు. ఆ వెంటనే నా గొంతు: "మరి ఇప్పుడు కూలీ ఎంత పడుతుంది?" ఆయన కూలీ లెక్క చెప్పాడు. వాళ్ళ నాయన ఉన్నప్పుడు ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ ముక్కను పదిసార్లు విని ఉంటాను. ఎదుటి మనిషి గుండె తలుపు తీస్తుంటే, నేను నా కాగితంలోని తర్వాతి ప్రశ్న చూసుకుంటున్నాను. మామూలు సంభాషణలో ఇలాంటివి గాలిలో కలిసిపోతాయి; మనం మంచి శ్రోతలమనే నమ్మకం చెక్కుచెదరదు. రికార్డింగు ఆ నమ్మకాన్ని మిగలనివ్వదు. మన అంతరాత్మకు అది ఒక సాక్ష్యాన్ని అప్పగిస్తుంది. ఆ సాక్ష్యాన్ని చెరిపేయకుండా ఉంచుకుని, తర్వాతి మనిషి ముందు కాస్త తక్కువ మాట్లాడగలిగితే, దాన్ని ఎదుగుదల అనవచ్చునేమో.

ఇక తిరిగి ఇవ్వడం. ఇక్కడ గోదావరి ఒడ్డు కథ ఒకటి తలచుకోవాలి. బౌద్ధుల సుత్తనిపాతంలో బావరి అనే వృద్ధుడు వస్తాడు. గోదావరి తీరంలో, అస్సక దేశపు పొలిమేరల్లో ఆయన ఆశ్రమం. అది నదిలో దీవిలా ఉన్న బాదనకుర్తి అని నమ్మేవాళ్ళు మా ప్రాంతంలో ఉన్నారు. ఆ గుర్తింపు సరైనదా కాదా అన్నది చరిత్రకారులు తేల్చాలి. మన ఆలోచనకు కథ చాలు. బావరి ముసలివాడు, నడవలేడు. బుద్ధుడి గురించి విని పదహారుమంది శిష్యులను పంపాడు. నమ్మి రమ్మని పంపలేదు; పరీక్షించి, ప్రశ్నలడిగి రమ్మని పంపాడు. వారంతా అడిగారు, జవాబులు విన్నారు. వారిలో పింగియుడు, తానూ ముసలివాడే, తిరిగి వచ్చి తాను విన్నదీ కన్నదీ గురువుకు చెప్పాడు.

ఈ కథలో నన్ను ఆపేది పింగియుడి రాక. వెతికిన జవాబు దొరికిన మనిషికి వెనక్కి రావలసిన అవసరం ఏముంది? మన సంప్రదాయం దీన్ని ఋషిఋణం అంటుంది: నేర్చుకున్నది ఇంకొకరికి నేర్పితే తీరే అప్పు. దేవుణ్ణి నమ్మినవారికైనా నమ్మనివారికైనా అందులో ఒక నిజం కనిపిస్తుంది. మన భాష, మన ప్రశ్నలు కూడా మనం పుట్టించుకున్నవి కావు. అయితే ఆ పోలికకూ ఒక హద్దుంది. అప్పు తీర్చేవాడు ఏది ఇవ్వాలో తానే నిర్ణయించుకోలేడు. పాడ్‌కాస్ట్ చేసే మనం మాత్రం మనకు చెప్పాలనిపించింది చెప్పి, అప్పు తీరిందనుకుంటాం. బావరి కోసం వెళ్ళినవాడు బావరికి కావలసిన జవాబే తేవాలి. మనకు అలా ఎదురుచూసే మనిషి ఎవరు?

జహీరాబాద్ దగ్గరి మాచనూరు మహిళలకు ఈ ప్రశ్న వేయనక్కరలేదు. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు నడిపే సంఘం రేడియో 2008 అక్టోబర్ 15న గాలిలోకి వచ్చింది. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పినా, స్వచ్ఛంద సంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే దారి తెరుచుకున్నది 2006లో. అనుమతి కోసం చూసిన ఏళ్ళలో ఆ స్త్రీలు ఊరికే కూర్చోలేదు. విత్తనాల గురించి, పంటల గురించి, పాటల గురించి క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం మీటింగుల్లో వినిపించారు. రాసిన మాటను ప్రశ్నిస్తే అది మళ్ళీ అదే చెబుతుంది తప్ప జవాబివ్వదని ప్లేటో సోక్రటీసు చేత అనిపించాడు. రికార్డు చేసిన గొంతుకూ ఆ లోపం ఉంది. కానీ మాచనూరులో రాత్రి రేడియోలో మాట్లాడిన మనిషి పొద్దున చేనులో ఎదురుపడుతుంది. జొన్న విత్తనం గురించి తప్పు చెబితే అక్కడే అడుగుతారు. జవాబుదారీ అంటే అదే.

మల్యాల మండలం లంబాడిపల్లి సంగతి వేరు. అక్కడ 2012లో మొదలైన మై విలేజ్ షో చూపించేది నవ్వులు. అందులో పేరు తెచ్చుకున్న గంగవ్వ అంతకుముందు కూలి పని చేసింది, బీడీలు చుట్టింది. ఎవరికో ఏదో ఇవ్వాలని బయలుదేరిన ప్రయత్నంగా అది కనబడదు. అయినా, మీ మాట మోటు అని బడిలో అనిపించుకున్న మాలాంటివాళ్ళకు, ఆమె మాట సవరించుకోకుండా మాట్లాడటం ఒక సొత్తు తిరిగి వచ్చినట్టు అనిపించింది. అంటే ఇచ్చేవాడి ఉద్దేశమే అంతా కాదు. మా వీధిలో ఒకామె చాట ఒళ్ళో పెట్టుకుని, పక్కన ఫోను ఆనించి వింటుంది. చేతులు తునికాకులో తంబాకు పోసి చుడుతూనే ఉంటాయి. నచ్చకపోతే మోచేత్తో తెరను తోసేస్తుంది. ఆమెకు ఏది అందిందో చెప్పవలసింది ఆమె.

మళ్ళీ గల్ఫ్ దగ్గరికి వస్తాను. మా ప్రాంతం నుంచి వెళ్ళినవాళ్ళ దగ్గర ఇంకొకరిని కాపాడే జ్ఞానం ఉంది: విజిట్ వీసా మీద పనికి వెళితే ఏమవుతుంది, పాస్‌పోర్టు యజమాని చేతిలో చిక్కితే ఏమవుతుంది, కంపెనీ వదిలి, కాగితాలు లేని ఖల్లివెల్లి అయితే రోజులెలా గడుస్తాయి. అలా గడిపి, 2018లో యూఏఈ ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు ఇల్లు చేరిన ఒకాయన నాతో రెండు గంటలు మాట్లాడాడు. అన్నీ చెప్పాడు. చివర ఫోను వైపు చూసి, "ఇది పెట్టకు తమ్మీ" అన్నాడు. వినిపిస్తే కొందరైనా మోసపోకుండా ఉంటారని బుద్ధి చెప్పింది. ఆ మాటలు ఆయన ఇజ్జత్ అని మనసు చెప్పింది. ఆయన ముందే చెరిపేశాను. సరిగ్గానే చేశానా? ఆ తర్వాత మోసపోయిన ఒక్కొక్కరి కబురు విన్నప్పుడల్లా ఈ ప్రశ్న తిరిగి వస్తుంది. ఇంతవరకు నా దగ్గర దీనికి స్థిరమైన జవాబు లేదు.

కొన్నాళ్ళకు ఆయన అక్క కొడుకు పాస్‌పోర్టు చేయించుకున్నాడని తెలిసి, ఆయనే వాణ్ణి పిలిపించి వేపచెట్టు కింద గద్దె మీద కూర్చోబెట్టాడు. నన్నూ రమ్మన్నాడు, ఫోను ఇంట్లో పెట్టి రమ్మన్నాడు. నాతో చెప్పిందంతా మళ్ళీ చెప్పాడు, ఈసారి ఇంకా నెమ్మదిగా. పిల్లవాడు తల వంచుకుని విన్నాడు. అంతా అయ్యాక ఒకటే అడిగాడు: "మరి గప్పుడు ఫోన్ల ఎందుకు చెప్పలే మామా?"

ఆయన పొడవుగా ఊపిరి తీసుకున్నాడు.

"చెప్తే మీ అమ్మమ్మ బువ్వ తినకపోతుండె."