వాడని పూజ

మహాపురుషుల జయంతి వచ్చినప్పుడు పటమునకు పూలమాల వేయుట, నాలుగు మంచిమాటలు పలుకుట, ప్రసాదము స్వీకరించి ఇండ్లకు మరలుట లోకాచారము. పూలమాల సాయంత్రమునకే వాడిపోవును. వాడని పూజ యేది? దక్షిణాఫ్రికా ప్రజలు ఈ ప్రశ్నకు ఆచరణతో ఒక సమాధానము చెప్పుచున్నారు.

ఆ దేశమున వర్ణవివక్షపై పోరాడిన నెల్సన్ మండేలా 1918 జూలై 18న మ్వేజో గ్రామమున జన్మించిరి. 27 సంవత్సరములు చెరసాలలో గడపి 1990 ఫిబ్రవరి 11న విడుదలైరి. ఆ యేడే భారతదేశము ఆయనను భారతరత్నతో గౌరవించెను. 1994లో దేశాధ్యక్షులై, 1999లో పదవి విడిచి, 2013 డిసెంబరు 5న దివంగతులైరి. ఐక్యరాజ్యసమితి 2009లో ఆయన జన్మదినమును అంతర్జాతీయ దినముగా ప్రకటించెను. ఆయన ప్రజాసేవ చేసిన 67 సంవత్సరములకు గుర్తుగా ఆనాడు ప్రతివారును 67 నిమిషములు పరులకై వెచ్చించుట ఆచారమైనది. బడిగోడలకు రంగు వేయువారు, ఆకొన్నవారికి అన్నము వండువారు పెక్కుమంది. జూలై ఆ దేశమున చలికాలము గనుక దుప్పట్లు అల్లి పంచువారును కలరు.

ఇచ్చట ఒక సందేహము కలుగును. 67 సంవత్సరములెక్కడ, 67 నిమిషములెక్కడ? సందేహము న్యాయమైనదే. ఫొటో కొరకు చేసిన సేవ పూలమాల కంటె ముందే వాడిపోవును. కావున కాలము కాదు, భావము ప్రధానము. దానమునందు ఇచ్చువాడు పైనను, పుచ్చుకొనువాడు క్రిందను నిలుతురు. బసవేశ్వరులు నేర్పిన దాసోహమునందు ఇచ్చువాడే దాసుడు. పంక్తిలో భేదము లేకుండుటయే దానికి పరీక్ష.

మండేలా జీవితమున ఈ పరీక్ష చెరసాలలోనే యెదురైనది. 1964లో ఆయనకును, భారతీయ సంతతివారైన అహ్మద్ కత్రాడాకును ఒకే వ్యాజ్యమున యావజ్జీవశిక్ష పడెను. ఇరువురును రాబెన్ ద్వీపపు చెరకు పంపబడిరి. అచట కత్రాడాకు పొడుగు లాగు, రొట్టె లభించెను. మండేలాకు ఆఫ్రికను అయినందున పొట్టి లాగు ఇచ్చిరి, రొట్టె ఇయ్యలేదు. శిక్ష యొక్కటే, కూటను బట్టను మాత్రము భేదము! ఖైదీలు ఆ భేదముపై చెరలోనే పోరాడిరి.

ఇది విని దూరదేశపు అన్యాయమని నిట్టూర్చుట సులభము. పనిమనిషికి వేరు గ్లాసు, కూలివానికి వాకిట వేరు విస్తరి పెట్టు ఇల్లు ఈనాటికిని ఉన్నచో, ఆ చెరసాల నియమము ఆ గడపలోపల నిలిచియే యున్నది. మాదార చెన్నయ్యను తండ్రిగా తలచిన బసవేశ్వరుల పటము ఆ గోడపై వ్రేలాడినను ఫలమేమి?

కావున సేవ గడపలోనే మొదలు కావలెను. పనిమనిషి బిడ్డకు అక్షరములు దిద్దించుటకు, దిక్కులేని రోగి మంచముకడ కూర్చుండుటకు, కూలివానితో ఒకే పంక్తిని భుజించుటకు 67 నిమిషములు చాలును. ఒకనాడు చేసినది మరునాడును చేయగా అలవాటగును. అలవాటు నిత్యకాయకమైననాడు జయంతి కొరకు వేచియుండ నక్కరలేదు. అదియే వాడని పూజ.