సందిగ్ధ నాయకుడు, యువ పాఠకుడు: అపరాధ కథలో కల్పిత నేరం

అపరాధ పరిశోధక నవలను గురించి తెలుగు విమర్శ తరచుగా వేసిన ప్రశ్న ఒక్కటే: అది సాహిత్యమా, కాలక్షేపమా? దీనికి జవాబు ఏదైనా, దీని చాటున మరొక ప్రశ్న మరుగున పడిపోయింది. పదిహేనేళ్ల పాఠకుడు ఒక అబద్ధాలకోరు వెంట, ఒక మోసగాడి వెంట, ఒక్కొక్కసారి ఒక హంతకుడి వెంట మూడు వందల పుటలు నడిచి, చివరకు అతడు పట్టుబడకూడదని మనసారా కోరుకుంటాడు. ఆ కోరిక నైతికంగా ఎటువంటిది? ఇళ్లలోనూ బడుల్లోనూ ఈ ప్రశ్నకు దొరికిన సమాధానం పుస్తకాన్ని లాక్కోవడం. విమర్శ అంతకంటె ఓపికగా దీనిని పరిశీలించవలసి ఉంది.

ఆంగ్ల ప్రచురణ రంగంలో ‘యంగ్ అడల్ట్’ అనే విభాగం ఎస్.ఇ. హింటన్ నవల ‘ది అవుట్‌సైడర్స్’ (1967) నాటి నుంచి క్రమంగా స్థిరపడింది. తెలుగులో ఆ వయసు వారికంటూ ప్రత్యేకమైన అర ఏదీ లేదు. చందమామ దాటిన పిల్లలు నేరుగా వారపత్రికల సీరియళ్లలోకి, అద్దె పుస్తకాల దుకాణాల్లోకి అడుగుపెట్టారు. గోదావరి డెల్టాలో మండపేట వంటి రైసుమిల్లుల పట్టణాల్లోను, కాలువగట్ల వెంబడి ఊళ్లలోను 1970, 80 దశకాల యువతకు నవల అందిన దారి ఇదే. పుస్తకాన్ని రోజు అద్దెకు తెచ్చుకున్నవాడు మర్నాటికి ముగించాలి. చదివించే వేగం ఆ నవలలకు శిల్పలక్షణం కావడంలో ఈ అద్దె లెక్కకూ పాలు ఉంది. రచయితలలో కొందరు ఈ నేల వారే. వేయి నవలల కర్తగా పేరొందిన కొవ్వలి లక్ష్మీనరసింహరావు గోదావరి ఆవలి ఒడ్డున తణుకులో జన్మించగా, యండమూరి వీరేంద్రనాథ్ 1948లో కోనసీమలోని రాజోలులో జన్మించారు. 2022లో కోనసీమ జిల్లా ఏర్పడినప్పుడు రాజోలు, మండపేటలు ఒకే జిల్లా కిందికి వచ్చాయి గాని, పాఠకలోకంగా అవి అంతకు చాలాముందే ఒకటి.

కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్ లోకంలో ఈ నైతిక ప్రశ్న పుట్టదు. అక్కడ నేరం ఒక చిక్కుముడి, పరిశోధకుడు దానిని విప్పే బుద్ధి. సహాయకుడు రాజు యువ పాఠకునికి ప్రతినిధి: గురువు కన్నా ఒక అడుగు వెనుక, పోలీసుల కన్నా ఒక అడుగు ముందు. పాఠకుడు నేరస్థుని గురించి తెలుసుకుంటాడే తప్ప నేరంలో పాలుపంచుకోడు. చదవడం ముగిశాక అతని మనసుకు అంటుకునేది ఏదీ మిగలదు. ఈ శుభ్రతే యుగంధర్ కథల ఆకర్షణ, వాటి పరిమితి కూడా.

సందిగ్ధ నాయకుని కథలో ఈ అమరిక తలకిందులవుతుంది. దాచవలసినది నాయకుడి వద్దనే ఉంటుంది. అది పాఠకుడికి తెలుసు, పోలీసులకు తెలియదు. కాబట్టి ఉత్కంఠకు ఆధారం ‘ఎవరు చేశారు’ అనే జిజ్ఞాస నుంచి ‘ఎక్కడ బయటపడుతుందో’ అనే భయానికి మారుతుంది. భయపడడం అంటేనే పక్షం వహించడం. భట్టనాయకుడు చెప్పిన సాధారణీకరణం ఇక్కడ విచిత్రంగా పనిచేస్తుంది. నాయకుని రహస్యం వ్యక్తిగతమైన హద్దులు దాటి పాఠకుని రహస్యంగా మారుతుంది. అతడు ఆ రహస్యానికి కాపలాదారు అవుతాడు. యువ పాఠకులను ఇటువంటి కథలు ఎందుకు లాగుతాయంటే తిరుగుబాటు స్వభావం వల్ల అని చెప్పడం పరిపాటి. ఆ వివరణ చాలదు. కౌమారం రహస్యాలు దాచడం నేర్చుకునే వయసు. పెద్దలు వేసే తీర్పులలోని అతుకులు మొదటిసారి కనిపించే వయసు. తాను లోపల ఒకటి, బయటకు ఒకటి అయి ఉన్నానన్న ఎరుక అప్పుడే కలుగుతుంది. ఆ ఎరుకకు కథారూపం ఇచ్చిన నాయకుడు ఆ వయసుకు ఆత్మబంధువులా తోచడంలో వింత లేదు.

తెలుగులో ఈ అమరికకు మూలం అపరాధ నవలలో వెతకడం కన్నా కన్యాశుల్కంలో వెతకడం ఉచితం. గిరీశం, వెంకటేశంల సంబంధం మోసగాడి ప్రతిభకు లొంగిన కుర్రవాడి చిత్రంగా ప్రసిద్ధమే. ఈ చర్చకు అంతకంటె కీలకమైనవాడు కరటకశాస్త్రి. మేనకోడలు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకు ఇచ్చే పెళ్లి తప్పించడానికి అతడు తన శిష్యుడికి ఆడవేషం వేసి పెళ్లికూతురిగా అంటగడతాడు. ఉద్దేశం ధర్మబద్ధం, సాధనం మోసం. ‘పెళ్లికూతురు’ మాయమయ్యేసరికి, లేని పిల్లను చంపాడన్న నింద లుబ్ధావధాన్ల మీద పడుతుంది. తెలుగు సాహిత్యంలో తొలి గొప్ప ‘హత్య కేసు’లో హతురాలే లేదు. ప్రేక్షకుడికి నిజం తెలుసు. తెలిసీ నవ్వుతూ కూర్చుంటాడు. ముసలివాడు లోభి, నవ్వు న్యాయమే. అయినా చేయని హత్యకు ఒక మనిషి ప్రాణభయంతో వణుకుతున్నాడు. ఆ భయాన్ని పట్టించుకుని చిక్కు విడదీసే దిశగా నడిచేది మధురవాణి. మంచికోసం జరిగిన మోసానికి ఎవరో ఒకరు బాకీ తీర్చాలని నాటకంలో గుర్తించిన వ్యక్తి ఆమె. 1909 నాటి రూపంలో గురజాడ ఆమె పాత్రను అంతగా పెంచడానికి గల కారణాలలో ఇదీ ఒకటని భావించవచ్చు.

సదుద్దేశంతో కల్పించిన నేరం, అదుపు తప్పిన కల్పన అన్న ఈ వరుసలోనే యండమూరి ‘అభిలాష’ను చదవవలసి ఉంది. భారత శిక్షాస్మృతి 302వ సెక్షన్ కింద విధించే మరణశిక్ష తప్పని నమ్మిన యువ న్యాయవాది, తానే హంతకుడైనట్లు సాక్ష్యాలు కల్పించుకుంటాడు. ఉరిశిక్ష పడ్డాక నిజం వెల్లడించి, నిర్దోషిని కూడా చంపగల వ్యవస్థను లోకం ముందు నిలబెట్టాలన్నది అతని పథకం. ఇందులోని ఆవేశం గాలిలోంచి పుట్టినది కాదు. 1975 డిసెంబరు 1న భూమయ్య, కిష్టాగౌడ్‌లను ఉరితీసిన సంఘటన తెలుగు సమాజపు జ్ఞాపకంలో ఇంకా పచ్చిగా ఉన్న కాలమది. 1980లో బచ్చన్‌సింగ్ కేసులో సుప్రీంకోర్టు మరణశిక్షను సమర్థిస్తూనే ‘అత్యంత అరుదైన’ సందర్భాలకు పరిమితం చేసింది. నవల ఆధారంగా ఎ. కోదండరామిరెడ్డి దర్శకత్వంలో, చిరంజీవి నాయకుడుగా వచ్చిన చిత్రం 1983 నాటిది. పాఠ్యపుస్తకం కన్నా ముందు ఈ కథ ద్వారా 302 అనే అంకెను తెలుసుకున్న తరం ఒకటి ఉంది.

కథ అక్కడితో ఆగితే అది ఉపన్యాసమే అయ్యేది. పథకం కోసం సమకూర్చుకున్న శవం నిజంగా హత్యకు గురైన మనిషిదని తేలడంతో అది కథ అవుతుంది. కల్పిత సాక్ష్యం ఒక్కసారిగా నిజ సాక్ష్యంగా మారుతుంది. తాను పన్నిన అబద్ధం ఎంత పకడ్బందీగా ఉందో, తనను రక్షించే నిజం అంత బలహీనమవుతుంది. 1797లో కాంట్ రాసిన చిన్న వ్యాసం ఒకటి ఇక్కడ తప్పక గుర్తుకు వస్తుంది. పరోపకారం కోసమైనా అబద్ధమాడే హక్కు మనిషికి లేదని అతని వాదం; నిజం చెప్పినవాడు పర్యవసానానికి బాధ్యుడు కాడు, అబద్ధమాడినవాడు ఊహించని పర్యవసానాలకు సైతం బాధ్యుడు. తలుపు తట్టిన హంతకుడికి కూడా అబద్ధం చెప్పరాదన్న అతని ముగింపును అంగీకరించేవారు అరుదు. కాని బాధ్యతను గురించిన ఆ మాటను అభిలాష కథాగమనం దాదాపు అక్షరాలా నడిపి చూపిస్తుంది. న్యాయస్థానాన్ని వంచించినవాడు, ఆ న్యాయస్థానమే తనను నమ్మాలని ప్రాధేయపడే స్థితికి చేరుతాడు.

యువ పాఠకుడికి ఇక్కడ లభించేది నీతిబోధ కన్నా విలువైనది. ఆశయం సరైనదేనన్న నమ్మకం చెదరకుండానే సాధనం తప్పన్న అనుభవం అతనికి కలుగుతుంది. రెండూ ఒకేసారి నిజం కావచ్చునని ఒప్పుకోవడం పెద్దలకే కష్టం. రాజకీయ కార్యాచరణలో ‘మురికి చేతుల’ సమస్యను గురించి 1973లో మైకేల్ వాల్జర్ చెప్పినది ఇదే: చేయక తప్పని తప్పు, చేశాక కూడా తప్పుగానే మిగులుతుంది, చేసినవాడు ఆ బరువు మోయాలి. భారతం ఈ సంగతిని ఏనాడో కథగా చెప్పింది. ద్రోణుని చేత ఆయుధం దింపించడానికి ధర్మరాజు సగం వినబడేలా సగం నిజం పలికాడు. అంతవరకు నేలకు నాలుగంగుళాల ఎత్తున నడిచిన అతని రథం నేలను తాకింది. యుద్ధం గెలిచినా ఆ బాకీ కొట్టివేయబడలేదు. స్వర్గారోహణంలో అతనికి నరకదర్శనంగా అది ఎదురైంది. ద్రోణపర్వం నుంచి స్వర్గారోహణ పర్వం దాకా తిక్కన తెలుగులో చదువుకున్న సమాజానికి సందిగ్ధ నాయకుడు పాశ్చాత్య దిగుమతి అని చెప్పడం సాహసమే.

అయితే తెలుగు జనప్రియ నవల ఈ బాకీని అన్నిచోట్లా నిలుపుకోలేదు. మధుబాబు షాడో విషయం చూడండి. చట్టం వెంటాడిన మనిషిగా మొదలైన షాడో సి.ఐ.బి. ఏజెంటుగా మారాక అతని హింసకు రాజముద్ర లభించింది. చేతులు అవే, చేసే పనీ దాదాపు అదే, మారినది అనుమతి. వేగంలోనూ సాహస కల్పనలోనూ ఆ నవలలకు సాటి తక్కువ. కాని అక్కడి సందిగ్ధత రంగు వెలిసిన చొక్కా వంటిది; నాయకుడికి ఆకర్షణ తెస్తుంది, అతనిని బాధించదు. యండమూరిదే అయిన ‘డబ్బు టు ది పవరాఫ్ డబ్బు’లోను ఇటువంటి ఇబ్బంది ఉంది. అయిదేళ్లలో యాభై లక్షలు సంపాదిస్తానని పందెం కట్టిన యువకుని ఎత్తులు చదివి పాఠకుడు చప్పట్లు కొడతాడు. లేమి చేసిన గాయం అతనికి ముందస్తు మన్నింపుగా పనిచేస్తుంది. తల్లి కన్నీరు, చెల్లెలి అవమానం, దేశభక్తి వంటివి జనప్రియ కథలో ఇటువంటి మన్నింపు పత్రాలు. పత్రం చూపినవాణ్ణి ఎవరూ లెక్క అడగరు. యువ పాఠకుడికి జరిగే హాని నిజంగా ఉంటే, అది చెడ్డవాణ్ణి ప్రేమించడంలో కన్నా ఈ పత్రాన్ని నమ్మడంలో ఉంది.

ఈ తేడా తెలుగుకు మాత్రమే సంబంధించినది కాదని ఇటీవలి ఆంగ్ల ఉదాహరణ ఒకటి తెలుపుతుంది. హాలీ జాక్సన్ ‘ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్’ (2019)లో పిప్ అనే బడిపిల్ల పాత హత్య కేసును తిరిగి తవ్వుతుంది. యుగంధర్ వంశానికి చెందిన శుభ్రమైన బుద్ధి. అదే వరుసలో మూడవదైన ‘యాజ్ గుడ్ యాజ్ డెడ్’ (2021) నాటికి ఆమె తనను వేటాడినవాణ్ణి చంపి, ఆ నేరాన్ని అత్యాచారం కేసులో శిక్ష తప్పించుకున్న మరొకడి మీదికి నెట్టే సాక్ష్యాలు అల్లుతుంది. అభిలాష నాయకుడు కల్పిత సాక్ష్యాన్ని తన మెడకే చుట్టుకున్నాడు, పిప్ ఇంకొకరి మెడకు చుట్టింది. ఆ ఇంకొకడు నీచుడన్నది ఇక్కడి మన్నింపు పత్రం. లుబ్ధావధాన్లు లోభి అన్నదీ అటువంటిదే. జాక్సన్ నాయిక తన ఆప్తులకు దూరమై మూల్యం కొంత చెల్లిస్తుంది, కాని చేయని హత్యకు శిక్ష అనుభవించేవాడి గదిలోకి కథ పాఠకుణ్ణి తీసుకుపోదు. మధురవాణి వంటి వ్యక్తి ఆ నవలలో లేకపోవడం పెద్ద వెలితి.

దీనికి ఒక బలమైన ఆక్షేపణ ఉంది. పసి మనసు ఇంత సూక్ష్మంగా చదవదు, అది బొమ్మను పట్టుకుని బాకీని వదిలేస్తుంది. కనుక పెద్దలే వడపోయాలి. ప్లేటో తన ఆదర్శ రాజ్యంలో కవుల కథలను వడపోయమన్నది ఈ భయంతోనే. 1980 దశకంలో ‘తులసిదళం’ వంటి నవలలను ‘క్షుద్ర సాహిత్యం’గా ఖండించిన విమర్శలోనూ ఈ భయం ఉంది, మూఢవిశ్వాసాల ప్రచారం గురించిన ఆ ఆందోళన అకారణమైనదని చెప్పలేము. కాని ఆ విమర్శ వస్తువును నిలదీసినంతగా కథన పద్ధతిని నిలదీయలేదు. మంత్రగాడు ఉన్నాడా, హంతకుడు నాయకుడా అని లెక్కపెట్టే పద్ధతితో చూస్తే అభిలాష, షాడో ఒకే గాటన కట్టబడతాయి, భారతం కూడా తప్పించుకోదు. తరగతి గదిలో వేయదగిన ప్రశ్న వేరు: నాయకుని అబద్ధానికి బాకీ తీర్చినది ఎవరు, ఆ మనిషికి కథలో ఎన్ని పుటలు దక్కాయి?

ఈ కొలమానం అభిలాషను కూడా పూర్తిగా వదిలిపెట్టదు. న్యాయవాది ప్రాణం దక్కుతుందా అన్న ఉత్కంఠలో పాఠకుడు మునిగి ఉండగా, ఆ శవం ఎవరిదన్న ప్రశ్న చాలాసేపు నాయకుడి ఆపదగానే వినిపిస్తుంది. యుగంధర్ అయితే ఆ శవం పేరు అడగడంతోనే పరిశోధన మొదలుపెట్టి ఉండేవాడు.