పెళ్ళిబట్టల బేరం

ఇంట్లో పెళ్ళి కుదిరితే ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు తెలుగు కుటుంబాలు కొన్ని కె.జి.ఎఫ్. రాబర్ట్‌సన్‌పేట బజారుకు, కొన్ని రైలెక్కి బెంగళూరుకు పోతాయి. అడిగేది కంచిపట్టే. ఆ పట్టు మనకు పరాయిది కాదు. మన కోలారు రైతు రాత్రిళ్ళు కూడా లేచి పట్టుపురుగులకు మల్బరీ ఆకు వేస్తాడు. కర్ణాటక పట్టుదారం కంచి మగ్గాలకూ చేరుతుంది. అందుకే కొనేముందు సిల్క్ మార్క్ చీటీ ఉందో లేదో చూడండి. అచ్చమైన పట్టేనని చెప్పేందుకు కేంద్ర పట్టు మండలి తెచ్చిన గుర్తు అది. జరీ సంగతీ అడగండి: అసలు జరీ అంటే పట్టుదారానికి వెండితీగ చుట్టి, బంగారు పూత పూసినది.

2001లో కె.జి.ఎఫ్. బంగారు గనులు మూతపడ్డాక ఆ ఊళ్ళో ఎన్నో ఇళ్ళు జీతం లేక నలిగాయి. అటువంటి ఇంట అందరికీ ఒకే రంగు కొత్తబట్టలు ఉండాలని పట్టుబట్టడం నాకు నచ్చదు. పెళ్ళికూతురికి మంచి చీర ఒకటి కొనండి. అవ్వ పెట్టెలోని పాత పట్టుచీరను మనవరాలు కట్టనివ్వండి. పిల్లలకు మాత్రం మెత్తటి నూలే; ఎండలో పట్టులంగా కడితే ముహూర్తానికి ముందే ఏడుస్తారు.