వేచియుండిన గంట ఎవరిది?



ఊర్జానగర్‌లో కాపురముండు మనకు లారీల మ్రోత క్రొత్త కాదు. చుట్టునున్న గనుల బొగ్గు రైల్వే సైడింగులకును కర్మాగారములకును, మన విద్యుత్ కేంద్రపు బూడిద సిమెంటు ఫ్యాక్టరీలకును లారీలలో పోవుచున్నది. మనలో గనిలో పనిచేయువారున్నారు, ప్లాంటులో పనిచేయువారున్నారు, లారీ నడుపువారును ఉన్నారు. గనుక ఈ ప్రశ్న మనందరిదియు: కాటా వద్ద లైనులో డ్రైవరు వేచియుండిన గంట ఎవరి లెక్కలో పడవలెను?

"నిలిచియున్నవాడు విశ్రాంతి తీసికొనుచున్నాడు గదా" అని కొందరందురు. అయితే లైను పది అడుగులు జరిగిన వెంటనే అతడు ఇంజను వేయవలెను. కునుకు పట్టెనా, వెనుకవాడు ముందుకు పోవును. అతడు నిద్రింపలేడు, బండి విడిచి పోలేడు. ఆ గంటను విశ్రాంతి అని మనమెట్లు చెప్పగలము?

మన దేశములో 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టము వచ్చెను. దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు పని. దూర ప్రయాణములకు అనుమతితో 10 గంటలు, వారమునకు 54. ఏడు దినములలో ఒక దినము సెలవు. ఏడింట ఒక దినము విశ్రాంతి అను మాట మనకు చిన్ననాటినుండి తెలిసినదే. అయితే టెర్మినలులో ఊరక వేచియుండిన కాలము 15 నిమిషములలోపైనప్పుడే పనిగంటలలో చేరునని ఆ చట్టము చెప్పెను. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా కోడ్ పాత చట్టము స్థానములో వచ్చినను, ఈ కొలతను మాత్రము ఉంచెను. కదలనివాడు పనిలో లేడు అనునదే దాని వెనుకనున్న తలంపు.

అమెరికాలో 2017 డిసెంబరునుండి లారీలలో ఎలక్ట్రానిక్ లాగింగు పరికరము తప్పనిసరి ఆయెను. అది ఇంజనుకు కలుపబడి, బండి కదలికను తానే వ్రాసికొనును. అచ్చట 11 గంటలకు మించి నడుపరాదు. పనిలోనికి దిగిన 14 గంటల తరువాత స్టీరింగు పట్టరాదు. దొంగలెక్కలు తగ్గుట మేలే. అయితే గోదాము వద్ద నాలుగు గంటలు నిలిపినయెడల సాధారణముగా ఆ 14లోనుండి నాలుగును తరిగిపోవును. పోయిన గంటలను కూడదీసికొనుటకు అతడు వేగము పెంచును. లోడింగు వద్ద నిలుచు కాలము సగటున 15 నిమిషములు పెరిగినయెడల ప్రమాదముల రేటు 6.2 శాతము పెరుగునని 2018లో ఆ దేశ రవాణా శాఖ తనిఖీ విభాగము అంచనా వేసెను. కాబట్టి గేటు వద్ద జరిగిన ఆలస్యము గేటు వద్దనే నిలువదు, రోడ్డుమీదికి వచ్చును.

ఇచ్చట కోల్ ఇండియా గనులలో బొగ్గు దారి తప్పకుండుటకు లారీలకు జీపీఎస్ అమర్చుచున్నారు. బండి ఎక్కడ ఆగినదియు తెలియును గాని, డ్రైవరు ఎప్పుడు నిద్రించెనని ఎవరడుగుచున్నారు? పైలట్లకువలె లారీ డ్రైవర్లకును పనిగంటలు నిర్ణయింపవలెనని 2021 సెప్టెంబరులో కేంద్రమంత్రి నితిన్ గడ్కరీ గారు చెప్పిరి. అది మంచి మాట. అయితే ట్రిప్పు లెక్కన కూలి తీసికొనువానికి గంటలు మాత్రమే తగ్గించినయెడల, ఆ నియమము అతని పిల్లల అన్నమును తగ్గించును. అప్పుడతడు నియమమును దాటకుండ ఉండునా?

ఆలస్యము నాది కాదు, ఫ్యాక్టరీది అని యజమాని చెప్పును. ఫ్యాక్టరీ గని పేరు చెప్పును. చివరకు ఆ భారము డ్రైవరు నిద్రమీద పడుచున్నది. ఎవని నిమిత్తము ఒకడు వేచియున్నాడో, ఆ గంట వెల వాడే చెల్లించుట న్యాయమని మేము తలంచుచున్నాము. వెల చెల్లింపవలసి వచ్చినప్పుడు లైను పొడవును తగ్గుటకు మార్గము దొరకును.

మనలో గేటు వద్ద పనిచేయువారు లైను ఎంతసేపు పట్టునో ముందుగా చెప్పవచ్చును. అప్పుడు అతడు ఒక గంటయైనను నిశ్చింతగా పండుకొనును. సొంత లారీ గలవారు నిలిచిన గంటలకును బత్తా కట్టవచ్చును. ఇంటనున్న మనము, రాత్రివేళ ఫోనుచేసి "ఇంకను ఎంతసేపు?" అని తొందరపెట్టుట మానవచ్చును. మనకు చేతనైన ఈ మూడింటితో మొదలుపెట్టుదము.