గురువు పనికి తూనికరాళ్ళు

అంగడిలో బియ్యం కొనేవాడు త్రాసును నమ్ముతాడు. ముల్లు నిలిచిన చోట బేరం ముగుస్తుంది. కొన్నవానికీ, అమ్మినవానికీ నడుమ మూడవవాని మాట అక్కరలేదు. బడి విషయంలో కూడ ఇట్టి త్రాసు ఒకటి ఉంటే ఎంత బాగుండును అని తలపోయని ప్రభుత్వం లేదు. తలపోయని తండ్రీ లేడు. బిడ్డను ఐదేండ్లపాటు ఒకరి చేతికి అప్పగించిన తరువాత, ఆ ఐదేండ్లలో ఏమి జరిగిందని అడగడం అపరాధం కాదు. కాని గురువు చేసే పనిని తూచడానికి ఏ రాళ్ళు వాడాలి? వాటిని వేసేది ఎవరు? తూచిన తరువాత ఆ తూకంతో ఏమి చేయాలి? ఈ మూడు ప్రశ్నలూ పైకి పరిపాలనకు సంబంధించినవిగా తోస్తాయి. లోతుకు పోయి చూస్తే ఇవి న్యాయానికి సంబంధించినవి.

మొదట ఒక వాదాన్ని తోసివేయవలసి ఉన్నది. విద్య పవిత్రమైనది, గురువు పూజ్యుడు, అట్టివానిని కొలవబూనడమే అపచారం అనేవారు కొందరున్నారు. మాట వినసొంపుగానే ఉన్నది. కాని దీనివల్ల నష్టపోయేది ఎవరు? కలిగినవారి బిడ్డకు బడిలో అక్షరం రాకపోతే ఇంటివద్ద ట్యూషను మాస్టరు ఉంటాడు, పుస్తకాలుంటాయి. కూలివాని బిడ్డకు బడి తప్ప వేరొక దిక్కు లేదు. 2005లో ‘అసర్’ అనే పేరుతో మన గ్రామాలలో ఒక సర్వే ప్రారంభమైంది. కార్యకర్తలు ఇంటికి వెళ్ళి, బిడ్డ ప్రక్కన కూర్చుండి, రెండవ తరగతి స్థాయి పాఠాన్ని చేతికిచ్చి చదవమంటారు. మూడవ తరగతి పిల్లలలో దానిని చదువగలిగినవారు 2018లో నూటికి 27.3, కరోనా వలన బడులు మూతపడిన తరువాత 2022లో 20.5, 2024లో 27.1. అంటే ఇంచుమించు నలుగురిలో ఒక్కరు. ఈ అంకెలను ఎవరూ పోగుచేయకపోయి ఉంటే తక్కిన ముగ్గురి గోడు ఎవరికి వినిపించేది? కొలతే వద్దనేవాడు తనకు తెలియకుండానే బలవంతుని పక్షాన నిలుస్తున్నాడు.

ఐతే కొలత కావాలన్నంత మాత్రాన చిక్కు తీరదు. అసలు చిక్కు అక్కడనే ఆరంభమవుతుంది.

1862లో ఇంగ్లండు దేశంలో రాబర్టు లో అనే మంత్రి ఒక కొత్త నిబంధన తెచ్చాడు. బడికి ఇచ్చే గ్రాంటులో కొంత పిల్లల హాజరునుబట్టి, ఎక్కువ భాగం పరీక్షనుబట్టి ఇవ్వాలి. చదవడం, వ్రాయడం, లెక్కలు అనే మూడింటిలో ఇన్‌స్పెక్టరు పరీక్షిస్తాడు. ఒక్కొక్క దానిలో నెగ్గిన ఒక్కొక్క బిడ్డకు రెండు షిల్లింగుల ఎనిమిది పెన్నీలు. చూడడానికి ఎంతో న్యాయంగా ఉన్నది. జరిగిందేమంటే, ఇన్‌స్పెక్టరు వచ్చేనాటికి పిల్లలు వాచకాన్ని కంఠస్థం చేసి సిద్ధంగా ఉండేవారు. షిల్లింగులు రాని విషయాలు బడినుండి తప్పుకొన్నవి. తాను స్వయంగా ఇన్‌స్పెక్టరైన కవి మాథ్యూ ఆర్నాల్డు ఈ పద్ధతి చదువును యంత్రంగా మార్చివేస్తున్నదని బహిరంగంగానే విమర్శించాడు. మన దేశానికి కూడ ఈ ‘ఫలితాల గ్రాంటు’ దిగుమతి అయింది. 1882 నాటి హంటర్ కమిషన్ ప్రాథమిక పాఠశాలలకు దీనిని సమర్థించింది. 1904లో కర్జన్ ప్రభుత్వం విడిచిపెట్టింది.

ఆ ఉపాధ్యాయులు దుర్మార్గులై పిల్లలచేత బట్టీ వేయించలేదు. ఇంటిలో పొయ్యి రాజుకోవడానికి ఏది అవసరమో అది చేశారు. కొలబద్దను వేతనానికి ముడివేసినవాడు గురువు దృష్టిని బిడ్డ ముఖంమీదనుండి కొలబద్దమీదకి తానే త్రిప్పినాడు. తప్పు చేయించి, తప్పు చేశావని అనడం ఏ ధర్మం?

పాపమంతా విదేశీయులమీదికి నెట్టి మనం తప్పించుకోవడానికి కూడ వీలులేదు. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో జిల్లాలలోని బడుల వివరాలు పంపవలసిందని ఆదేశించినప్పుడు, బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో వ్రాసిన నివేదిక ప్రసిద్ధమైనది. ఇసుకలో వ్రేలితో అక్షరాలు దిద్దించడాన్నీ, పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పడాన్నీ ఆయన మెచ్చుకొన్నాడు. కాని పిల్లలు వల్లించే పద్యాలు వ్యవహారంలో లేని భాషలో ఉన్నాయనీ, అర్థం తెలియకుండానే వాటిని అప్పగిస్తున్నారనీ విచారించాడు. మన వీధిబడిలో కొలత నోరే. తడబడకుండా అప్పగించినవాడు చదువుకొన్నవాడు.

సుమారు ఎనభై ఏండ్ల తరువాత ఇదే సంగతి మరొక అధికారి కంటబడింది. 1906 ప్రాంతంలో ఉత్తర సర్కారులలో పాఠశాలల ఇన్‌స్పెక్టరుగా ఉన్న యేట్స్, పుస్తకాలలోని తెలుగుకూ, మనుష్యుల నోటిలోని తెలుగుకూ ఇంత దూరం ఎందుకున్నదని ప్రశ్నించాడు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైన గిడుగు రామమూర్తిగారూ, గురజాడ అప్పారావుగారూ ఆ ప్రశ్నను తమదిగా చేసికొన్నారు. తరువాతి కథ తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. యేట్స్ పిల్లలకు మార్కులు వేసి, ‘వీరి పఠనం సంతృప్తికరంగా లేదు’ అని వ్రాసి వెళ్ళిపోయి ఉండవచ్చు. ఆయన బిడ్డను తప్పుపట్టలేదు, పుస్తకాన్ని ప్రశ్నించాడు. మంచి కొలతకు ఇది మొదటి లక్షణమని నాకు తోస్తుంది. అది కొలిచినవానినే ఆలోచింపజేస్తుంది.

ఈనాడు ‘ఆసక్తికరమైన బోధన’ అనే మాట విరివిగా వినవస్తున్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆటపాటలతో కూడిన చదువును కోరుతున్నది. మంచిదే. కాని ఆసక్తి అంటే కోలాహలం కాదు. గురువు పాడగా పిల్లలు చప్పట్లు కొట్టినంత మాత్రాన చదువు జరిగినట్లు కాదు. భావనగరంలో 1920లో బాలమందిరాన్ని నెలకొల్పిన గిజుభాయి బధేకా (1885–1939) ఈ సంగతి బాగా ఎరిగినవారు. ఆయన ‘దివాస్వప్న’లో ఒక ఉపాధ్యాయుడు విద్యాధికారిని ఒప్పించి నాల్గవ తరగతిని ఒక ఏడాదికి తన చేతిలోనికి తీసికొంటాడు. మొదటిరోజున అతని ఏర్పాట్లన్నీ తలక్రిందులవుతాయి. తరువాత అతడు కథతో మొదలుపెడతాడు. కథనుండి పిల్లలు క్రమంగా పుస్తకానికి వస్తారు. ఆ మొదటిరోజుననే తనిఖీ జరిగి ఉంటే ఆ గురువు గతి ఏమయ్యేది? అధికారి అతనికి ఒక సంవత్సరం ఇచ్చాడు. సంవత్సరాంతాన ఫలితం చూపుమని కూడ అడిగాడు. నమ్మకమూ, లెక్క అడగడమూ పరస్పర శత్రువులు కావని ఇందువల్ల తెలుస్తున్నది. నమ్మకం లేని లెక్క వేధింపు. లెక్క లేని నమ్మకం ఉపేక్ష.

ప్రేమ్‌చంద్ బడిపంతులుగాను, తరువాత పాఠశాలల సబ్‌డిప్యూటీ ఇన్‌స్పెక్టరుగాను పనిచేసినవారు. అనగా త్రాసుకు రెండువైపులా నిలిచినవారు. ఆయన ‘బడే భాయీ సాహబ్’ కథలో రాత్రింబవళ్ళు చదివే అన్న పరీక్ష తప్పుతాడు. ఆటలాడే తమ్ముడు మొదటివాడుగా వస్తాడు. ఐనా చివరకు తమ్ముడే అన్న ఎదుట తల వంచుతాడు. పరీక్షకు దొరకని పెద్దరికమేదో అన్నలో ఉన్నదని వాడికి తెలిసింది. పరీక్ష అబద్ధం చెప్పలేదు. కాని అది చెప్పింది సమస్తమూ కాదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవలసి ఉన్నది. సుమారు ముప్పై ఏండ్ల క్రిందట ఒక హిందీ జిల్లాలో బడులను పరిశీలించే బృందంలో కొన్ని నెలలు పనిచేశాను. చేతిలో అచ్చు కాగితం, అందులో గడులు. ఒక ఊరిలో ఐదు తరగతులకూ ఒకే పంతులుగారు. వయసు మళ్ళినవారు. మూడవ తరగతి పిల్లల ముందు చింతగింజలు పోసి భాగహారం నేర్పుతున్నారు. పదిహేడు గింజలు, ఐదుగురు పిల్లలు. తలా మూడు వచ్చినవి. ఒక ఆడపిల్ల తన యాసలో అడిగింది: “గురూజీ, ఆ మిగిలిన రెండూ ఎవరివి?” పంతులుగారు ఆమె యాసలోనే, “నీవే చెప్పు బిడ్డా, ఎవరికిద్దాము?” అన్నారు. దానిమీద పెద్ద చర్చ జరిగింది. గంట గడిచింది. పాఠ్యప్రణాళికలో ఆయన నాలుగు పాఠాలు వెనుకబడి ఉన్నారు. గోడమీద పటాలు లేవు. నేను గడులు నింపాను.

మరునాడు ప్రక్క ఊరి బడిలో పటాలున్నవి, రిజిస్టర్లున్నవి. పిల్లలు ఏకకంఠంతో ఎక్కాలు వల్లించారు. అదే ప్రశ్నను కొంచెం మార్చి అడిగితే ఒక్కరూ నోరు తెరవలేదు. ఆ మౌనాన్ని వ్రాయడానికి కాగితంలో గడి లేదు. నిండు మార్కులు వేశాను. కొన్నాళ్ళకు ఆ వృద్ధ పంతులుగారిని దూరప్రాంతానికి బదిలీ చేశారని విన్నాను. నేను నియమాన్ని తప్పలేదు. కాని ఆ కాగితంమీద ఉన్నది నా చేవ్రాలు. నేను చూచింది ఒకటి, వ్రాసింది ఒకటి.

కాబట్టి మనం ఏమి చేయాలి? తెలిసికొనడానికి చేసే కొలత వేరు, దండించడానికి చేసే కొలత వేరు. మొదటిది దీపం; రెండవది కొరడా. ఒకే కర్ర రెండు పనులూ చేయలేదు. కొరడా అని తెలిసిన మరుక్షణం అందరూ దానికి కనబడకుండా దాగుకొంటారు. పిల్లలకు ఏమి వచ్చునో, ఏమి రాదో తెలిసికొనే పరీక్షలు జరగవలసిందే. కాని వాటిని ఒక్క గురువు జీతానికో బదిలీకో ముడివేయరాదు. గురువును గురించి తీర్పు చెప్పబూనినవాడు ఒక గంట కాదు, కొన్ని దినాలు ఆ బడిలో కూర్చుండాలి. వీలైతే ఒక పాఠం తానే చెప్పి చూడాలి. పిల్లలు ఎన్ని జవాబులు చెప్పారో లెక్కించడంతోబాటు, వారు ఏమేమి అడిగారో కూడ వినాలి. చివరి వరుసలోని బిడ్డ దగ్గరకు గురువు ఎన్నిసార్లు వెళ్ళాడో గమనించాలి.

వీటన్నిటికంటె ముందు త్రాసు పళ్ళేన్ని సరిచూడాలి. 2009 నాటి విద్యాహక్కు చట్టం అతి చిన్న ప్రాథమిక పాఠశాలకైనా ఇద్దరు ఉపాధ్యాయులుండాలన్నది. ఏకోపాధ్యాయ పాఠశాలలు మాత్రం నేటికీ ఉన్నవి. ఆ ఒక్కరే జనాభా లెక్కలకూ, ఎన్నికలకూ వెళ్ళాలి. ఆ చట్టమే అందుకు వీలిచ్చింది. ఐదు తరగతులను ఒకరి తలమీద పెట్టి, ఆ తల ఎందుకు వంగిందని అడగడం తూకం కాదు.

ఇంత చేసిన తరువాత కూడ కొంత మిగులుతుంది. ఎంత మంచి కొలతకైనా శేషం ఉంటుంది. ఆ శేషం లేదనుకోవడం అజ్ఞానం. శేషమున్నది గనుక భాగహారమే వద్దనడం సోమరితనం. ఆ చిన్నపిల్ల అడిగిన ప్రశ్న నాకు ఇప్పటికీ వినిపిస్తూనే ఉన్నది. మిగిలిన ఆ రెండు గింజలనూ చివరకు ఎవరికిచ్చారో నేను చూడలేదు. గడులు నింపే తొందరలో ముందే లేచి వచ్చాను.