గృహస్థుడు – అపరిగ్రహము

సంసారమును సాగరముతో పోల్చుట మన పెద్దలకు పరిపాటి. సాగరమును దాటవలసిన నావలో బరువు పెరిగినకొలది ప్రమాదము పెరుగునని తెలియనివారు లేరు. అయినను రెండు బిందెలు, ఒక సందుగ, నాలుగు గిన్నెలతో మొదలైన కాపురము ముప్పది ఏండ్లు గడచుసరికి కాలు పెట్ట చోటు లేనట్లు నిండిపోవుచున్నది. అటకమీద ఏమున్నదో ఇంటి యజమానికే తెలియదు. తెలియకపోయినను అది తనదను అభిమానము మాత్రము రవ్వంతయు తరుగదు.

ఇట్లు పేరుకొనిన సామగ్రిని తొలగించుట కేవలము శుభ్రతకు సంబంధించిన పనియని పైకి తోచును. కాని అందులో ఒక ధర్మసంకటము దాగియున్నది. మనకు అక్కరలేని వస్తువును ఇతరులకిచ్చినచో అది దానమగునా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో ఎదురుపడలేదు. మా ఇంటి గడపమీదనే ఎదురైనది.

మాది రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నము. హైదరాబాదు నుండి నాగార్జునసాగరమునకు పోవు బాటలో ఉన్న ఈ ఊరికి కుతుబ్‌షాహీ ప్రభువైన ఇబ్రహీం కులీ (1550–1580) పేరు వచ్చినది. మా తల్లిదండ్రులు పరమపదించిరి. పిల్లలు నగరములో స్థిరపడిరి. ఇరువురు ముసలివారికి ఇంత సామాను ఎందుకని నేనును నా సహధర్మచారిణియును కొంచెము కొంచెముగా ఇల్లు తేలిక చేయ నిశ్చయించుకొంటిమి. కొయ్య సందుగలు, నులక తెగిన మంచములు, చిలుము పట్టిన దీపపుసెమ్మెలు, అద్దము పగిలిన దేవుని పటములు, ఏనాటివో పంచాంగములు, బంధువుల పెండ్లి పత్రికలు, మూగబోయిన రేడియో, వీనికి తోడు మా అమ్మ స్నానమునకు నీరు కాచెడి ఇత్తడి గంగాళము బయటపడినవి.

మొదటినాడు పాతచీరల మూట కట్టి, మా ఇంట పనిచేయు ఆమెకు ఇచ్చితిమి. మరునాడు ఆమె రెండు చీరలు మడిచి తెచ్చి అరుగుమీద పెట్టినది. "అమ్మా, కట్టుకునేటివి ఉంచుకున్న. గివి చినిగిపోయినయి. మీ ఇంట్ల చెత్త అయింది మా ఇంట్ల గూడ చెత్తనే గదా" అని మెల్లగా అన్నది. ఆమె మాటలో కోపము లేదు. నా ఇల్లాలి ముఖము చిన్నబోయినది. నాకు మాత్రము లోలోపల కోపమే వచ్చినది. ఉచితముగా ఇచ్చినదానికి వంక పెట్టుటయా అని ఆ పూటంతయు గొణుగుకొంటిని. ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించుచుండగా నచికేతుడు జ్ఞప్తికి వచ్చినాడు.

కఠోపనిషత్తులోని ఆ బాలుని కథ మన పాఠకులెరిగినదే. యముని ఇంట మూడు రాత్రులు ఉపవసించి ఆత్మవిద్యను పొందిన మహనీయుడని అందరును తలంతురు. కాని అతడు యముని ఇంటికి పోవలసివచ్చిన కారణమేమి? తండ్రి యజ్ఞము చేసి దక్షిణగా గోవులను దానమిచ్చుచున్నాడు. ఆ గోవులు వట్టిపోయినవి. గడ్డి మేయుటకును శక్తి లేనివి. పాలీయజాలని ఆవును ఇచ్చుట దానము కాదు, పోషణభారమును పరుల తలకెత్తుట. ఆ పసివాని మనస్సు దానిని సహింపలేకపోయినది. కనుకనే తన్నెవరికిచ్చెదవని తండ్రిని అడిగినాడు. బ్రహ్మవిద్యకు ద్వారము తెరచిన ఆ ప్రశ్న, పనికిరాని వస్తువుల దానమును చూచుటవలన పుట్టినదే! మా ఇంటి అరుగుమీది రెండు చీరలును ఆ వట్టిపోయిన ఆవులును ఒక్కటేయని నాకు అప్పుడు తెలిసినది.

భగవద్గీత పదునేడవ అధ్యాయమున శ్రీకృష్ణ భగవానుడు దానమును మూడు విధములుగా విభజించినాడు. ఇవ్వవలసినదని తలచి, ప్రతిఫలము కోరక, దేశమును కాలమును పాత్రతను చూచి ఇచ్చునది సాత్త్వికము. ప్రతిఫలము నాశించి గాని, మనసు చివుక్కుమనుచుండగా గాని ఇచ్చునది రాజసము. అగౌరవముతో, తిరస్కారముతో, తగనిచోట ఇచ్చునది తామసము. ఇందు వస్తువు వెలను గూర్చిన మాటయే లేదు. ఇచ్చువాని దృష్టియే ప్రధానము. పాతవస్తువైనను పుచ్చుకొనువారికి పనికివచ్చునదై, శుభ్రము చేయబడి, ఆదరముతో ఇచ్చినచో అది దానమే. కొత్తదైనను విసరివేసినట్లు ఇచ్చినచో అది దానము కాదు.

కావున ఇంటి సామగ్రి తొలగించువాడు మూడు పనులను వేరువేరుగా గుర్తింపవలెను. ఒకరికి ఉపయోగపడు వస్తువును గౌరవముతో ఇచ్చుట దానము. పాత ఇనుము, ఇత్తడి, చిత్తుకాగితములు కొనువానికి తూకమువేసి అమ్ముట విక్రయము. అందు పుణ్యమును లెక్కించుకొన పనిలేదు, తప్పును లేదు. ఎవరికిని పనికిరాని దానిని పరులకు కీడు కలుగకుండ వదలించుకొనుట విసర్జనము. అది మన బాధ్యత. ఈ మూడింటిని కలిపివేసి, విసర్జింపవలసిన దానిని దానమను పేర వదలించుకొనుటయే మనము సామాన్యముగా చేయు అపరాధము.

ఈ లోపము గొప్ప ఉద్యమములను సైతము విడువలేదు. 1951 ఏప్రిల్ నెలలో మా జిల్లాలోని శివరాంపల్లి సర్వోదయ సమ్మేళనము ముగించుకొని వినోబాభావే కాలినడకన తెలంగాణ పల్లెలకు బయలుదేరినాడు. మా ఊరికి ఎంతో దూరము లేని పోచంపల్లిలో 18వ తేదీన హరిజనులు తమకు ఎనుబది ఎకరముల భూమి కావలెనని కోరగా, వెదిరె రామచంద్రారెడ్డి నూరు ఎకరములు ఇచ్చెదనని సభలో లేచి పలికినాడు. అడిగినదానికంటె అధికముగా, అడిగినవారి అక్కరనెరిగి ఇచ్చిన ఆ దానమునుండి భూదానోద్యమము దేశమంతట వ్యాపించినది. కాని తరువాత వచ్చిన దానములలో రాళ్లురప్పలతో సాగుకు పనికిరానివి, వివాదములలో చిక్కుకొన్నవి ఎన్నియో ఉండెను. ఒకే ఉద్యమమున నచికేతుని మనస్సును కనబడినది, నచికేతుని తండ్రి గోవులును కనబడినవి.

అసలు మనమింతగా కూడబెట్టుటకు కారణమేమి? తరచి చూచిన భయమే మొదటిది. ఎప్పుడో ఒకనాడు అవసరపడునేమో అను శంకతోనే సగము ఇల్లు నిండుచున్నది. శ్రీవైష్ణవుల గురుపరంపర కథలలో కూరేశుల వృత్తాంతము దీనికి చక్కని సమాధానము. కాంచీపుర సమీపమందలి కూరము అను గ్రామమున మహాసంపన్నుడైయుండి, సర్వమును పంచిపెట్టి, భగవద్రామానుజుల సన్నిధికి శ్రీరంగమునకు భార్యతో కాలినడకన బయలుదేరినాడాయన. అడవిదారిలో ఆమె భయపడగా, వెంట ఏమైనను తెచ్చితివా అని అడిగెనట. పతికి మంచినీరిచ్చుటకు బంగారు గిన్నె నొకదానిని దాచి తెచ్చితినని ఆమె చెప్పినది. కూరేశులు దానిని తీసి దూరముగా విసరివేసి, ఇక భయము లేదు పొమ్మనిరి. ఆ గిన్నె ఉన్నంతవరకే అడవిలో దొంగలున్నారు. అది పోయిన క్షణముననే అడవి వట్టి అడవియైనది.

గృహస్థులమైన మనము కూరేశులవలె సర్వమును విసరివేయగలమా? శాస్త్రము మనలను అట్లు నిర్బంధింపలేదు. భాగవతము సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మమును బోధించుచు, కడుపు నిండుటకెంత కావలెనో అంతయే దేహికి స్వంతమనియు, అంతకు మించి నాదనువాడు దొంగయనియు తెలిపినాడు. ఏకాదశస్కంధమున అవధూత యదుమహారాజునకు తన గురువులను వర్ణించుచు తేనెటీగను పేర్కొన్నాడు. అది కూడబెట్టును; మరియొకడు కొనిపోవును. మాంసపుముక్కను పట్టుకొన్న కురరపక్షిని ఇతరపక్షులు తరుముచుండగా, ఆ ముక్కను జారవిడిచినంతనే అది సుఖపడినదట. వస్తువు పోయినదని అది ఏడ్వలేదు; వెంటపడినవారు పోయిరని ఊపిరి పీల్చుకొన్నది.

భగవద్రామానుజుల సిద్ధాంతమున చేతనాచేతనములన్నియు శ్రీమన్నారాయణునకు శేషభూతములు, ఆయనయే శేషి. అనగా ఇంటిలోని చెంబు మొదలుకొని ఇల్లంతయు స్వామి సొత్తే. మనము కాపలాదారులము. ఈ మాట మనసునకు పట్టినచో రెండు ఫలితములు కలుగును. నాదికానిదానిని పట్టుకొని వ్రేలాడుట తగదు, అది మొదటిది. నాదికానిదానిని ఇష్టము వచ్చినట్లు పారవేయుటకును నాకు అధికారము లేదు, ఇది రెండవది. అపరిగ్రహమనగానే మొదటిది అందరికి స్ఫురించును. రెండవదానిని గుర్తించువారు అరుదు.

తిరుమలేశునకు నిలువుదోపిడి ఇచ్చెదనని మ్రొక్కుకొన్న భక్తుడు ఒంటిమీదనున్న నగలన్నిటిని హుండీలో సమర్పించుకొనును. ఏది వన్నె తగ్గినది, ఏది విరిగినది అని ఏరుకొనుట ఆ మ్రొక్కులో లేదు. ఇక మా జిల్లాలోని చిలుకూరు బాలాజీ సన్నిధిలో హుండీయే లేదు; భక్తులు ప్రదక్షిణములు చేసి వత్తురు. ఒకచోట అంతయు పుచ్చుకొనుచున్నాడు, మరియొకచోట ఏమియు పుచ్చుకొనుటలేదు. స్వామికి కావలసినది వస్తువు కాదు, దానిని అంటిపెట్టుకొన్న మమకారమేయని ఈ రెండు సన్నిధులును ఒక్కటే పాఠము చెప్పుచున్నవి.

మమకారము ఒక్కనాటితో పోవునది కాదు. అందుచేత ఈ పని మెల్లగా సాగుటయే మేలు. మా ఊరి పెద్దచెరువును చూచినప్పుడెల్ల నాకిది తోచుచుండును. చెరువునకు నీరు వచ్చు వాగులున్నవి. నీరు విడుచు తూములున్నవి. నిండినప్పుడు పొర్లిపోవుటకు అలుగున్నది. వచ్చుట మాత్రమే ఉండి పోవుట లేకున్న కట్ట తెగును. అయినను ఏటేట పూడిక చేరుచునే ఉండును. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ పథకము క్రింద తెలంగాణ చెరువులలో పూడిక తీసినప్పుడు రైతులు ఆ మట్టిని పొలములకు తోలుకొన్నారు. చెరువునకు భారమైనదే చేనికి సారమైనది. చేరవలసిన చోటికి చేర్చుటలోనే ఆ మహిమయంతయు ఉన్నది. ఆ మట్టినే బాటలో పోసిన అది బురద.

మేము ఏకాదశికి ఒక అరగాని, ఒక సందుగగాని తీయుట నియమము చేసికొంటిమి. కడుపు తేలికగా ఉన్న నాడు ఇల్లును కొంత తేలిక చేయుట తగినదని తోచినది. మమకారము తక్కువైన వస్తువులతో ఆరంభించి, జ్ఞాపకములతో ముడిపడినవానిని చివరకు నిలుపుకొంటిమి. ఎవరి వస్తువును వారి అనుమతి లేక కదపరాదని మరియొక నియమము. ఇంటిలో వృద్ధులున్నచో వారి పెట్టెను వారు చూడకుండ ఖాళీ చేయుట శుభ్రత కాదు, హింస. మనము త్యజింపవలసినది మన మమకారమునే గాని ఇతరుల మమకారమును కాదు.

విసర్జనమున కూడ వివేకము కావలెను. భోగినాడు పాతకొయ్య సామానును మంటలో వేయుట మన ఆచారము. గోదాదేవి కల్యాణము జరుగు ఆ పర్వదినమున నేడు ప్లాస్టికు కుర్చీలను, పరుపులను, టైర్లను వేసి విషపుపొగను ఇరుగుపొరుగు పసిబిడ్డలచేత పీల్పించుట ఏ ఆచారము? అట్లే పగిలిన దేవుని పటములను చెరువుకట్టమీదనో, రావిచెట్టు క్రిందనో విడిచిపోవుచున్నారు. ఇంట పూజలందుకొన్న మూర్తి ఎండలో, కుక్కల కాళ్ల నడుమ పడియుండుట చూచి మనసు కలుక్కుమనదా? అద్దమును చట్రమును వేరుచేసి, కాగితమును ఇంటనే నీటిలో నానబెట్టి, మెత్తబడిన పిదప చెట్టు మొదట మట్టిలో కలిపినచో అపచారము తప్పును. తిరుమల తిరుపతి దేవస్థానము 2021 నుండి ఆలయములలో వాడిన పూలతో అగరువత్తులు చేయించుచున్నది. నిర్మాల్యమునే మరల పరిమళముగా మార్చిన ఈ దృష్టి మన ఇండ్లకు ఆదర్శము కావలెను. ఇక పాత సెల్‌ఫోన్లు, బ్యాటరీలు, కాలముతీరిన మందులు మట్టిలోను నీటిలోను కలుపదగినవి కావు. వానిని తిరిగి తీసికొను చోట్లకు చేర్చవలెనే గాని చెత్తబుట్టలో పడవేయరాదు.

ఆ రెండు చీరల సంగతి జరిగిన తరువాత మేము పద్ధతి మార్చుకొంటిమి. ఇచ్చుటకు ముందు అడుగుట నేర్చుకొంటిమి. నీకేది పనికివచ్చునని నా ఇల్లాలు ఆమెను అడిగినది. ఆమె చాలసేపు ఏమియు చెప్పక, చివరకు తెగిన నులక మంచమును చూపి, తన అత్తకు క్రింద పండుకొన లేవరాకున్నదని చెప్పినది. పాత నులక తీసివేయించి, క్రొత్త నులక అల్లించి ఆ మంచమును వారి ఇంటికి చేర్పించితిమి. ఆనాడు మా ఇంటిలో తొలగిన చోటు నాలుగు మూరలే. కాని నా మనసులో తొలగిన బరువు ఇంతయని చెప్పలేను. విసుగుతో ఇచ్చిన మూటకంటె, అడిగి, బాగుచేయించి ఇచ్చిన ఆ మంచమే నేను నా జీవితమున చేసిన మొదటి దానమేమో!

మా అమ్మ గంగాళము మాత్రము ఇంకను పెరటి వసారాలో బోర్లించియున్నది. కొనువాడు రెండుసార్లు వచ్చి తూకము చెప్పి పోయినాడు. శుభకార్యములలో వాడుకొనుటకు గుడికి ఇమ్మని నా ఇల్లాలు చెప్పుచున్నది. ఆమె చెప్పినది న్యాయమే. అందులో కాగిన నీటితో అమ్మ నాకు తలంటిన దినములు కన్నులకు కట్టి నా చేయి వెనుకకు పోవుచున్నది. కుచేలుడు తెచ్చిన పిడికెడు అటుకులలో స్వామి చూచినది అటుకులను కాదు గదా! అట్లే అమ్మ వాత్సల్యము ఇత్తడిలో లేదని బుద్ధికి తెలియును. మనసునకు తెలియుటకు మరికొన్ని ఏకాదశులు పట్టునేమో.

ఇన్నియు వ్రాసిన నాకే ఇంత మమకారము మిగిలియున్నది. కావున పాఠక మహాశయులకు ఉపదేశము చేయు అర్హత నాకు లేదు. మన ఇండ్లలో అక్కరకు మించినది అక్కరగలవారికి గౌరవముతో చేరునట్లును, తీసికొనువారి ముఖము చిన్నబోనట్లును, చివరకు ఈ దేహమను పాతవస్త్రమును విడుచునాడు చేయి వెనుకకు పోనట్లును అనుగ్రహింపుమని ఆ శ్రీనివాసుని వేడుకొనుటయే మనము చేయదగినది.